జెఫర్సన్ గారి నేలమాళిగ



పోయిన వారం గ్రూపులో నేను పెట్టిన ఫోటో చూసి చాలామంది అడిగారు. ఇటుక గోడలు, చెక్క అరలు, అరల నిండా నల్లటి సీసాలు. "ఇదేంటన్నా, జైలా?" అని ఒకరు. "రిటైరైన తరువాత మన గుమాస్తాగారు అమెరికా పోయి మందు గది చూసి వచ్చారు" అని ఇంకొకరు, పక్కన నాలుగు నవ్వు బొమ్మలు. నేను ముట్టనివాణ్ణని మీ అందరికీ తెలుసు. అయినా అది మందు గదే, నేను దాన్ని చూడటానికి గంటసేపు అక్కడే ఉన్నదీ నిజమే. రెండు ముక్కల్లో చెప్పడం నాకు రాదు కాబట్టి ఎప్పటిలాగే పొడుగ్గా రాస్తున్నాను. ఓపిక ఉన్నప్పుడు చదవండి.

నా చదువంతా తమిళ మీడియం. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక సంఘం ఆదివారం క్లాసులో నేర్చుకున్నవి. ఇలాంటి గదిని తమిళంలో నిలవరై అంటాం. తెలుగులో ఏమంటారని మా ఆవిడని అడిగితే "నేలమాళిగ" అంది. మంచి మాట. అదే వాడతాను.

ఆ నేలమాళిగ ఉన్న బంగళా పేరు మాంటిసెల్లో. వర్జీనియా రాష్ట్రంలో షార్లట్స్‌విల్ అనే ఊరి పక్కన చిన్న కొండ మీద ఉంది. ఇటలీ భాషలో ఆ పేరుకి అర్థమే చిన్న కొండ. మా అమ్మాయి, అల్లుడు ఉండే రిచ్‌మండ్ నుంచి కారులో గంటా పావు. అమెరికా వాళ్ల అయిదు సెంట్ల నాణెం మీకెవరికైనా దొరికితే వెనక్కి తిప్పి చూడండి. 1938 నుంచి దాని మీద దాదాపు ఎప్పుడూ ఈ ఇల్లే ఉంటుంది, ముందువైపు ఇంటాయన బొమ్మ. ఆయనే థామస్ జెఫర్సన్. 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటన రాసిన మనిషి, 1801 నుంచి 1809 దాకా ఆ దేశానికి మూడో అధ్యక్షుడు. మనుషులందరూ సమానంగా పుట్టారని రాసింది ఆయనే. ఆయన జీవితకాలంలో ఆయన కింద ఉన్న బానిసలు ఆరువందల మందికి పైగా అని చెప్పిందీ ఆ ఇంటి గైడే. దాచిపెట్టలేదు. టికెట్టు కొన్న పావుగంటకే చెప్పేసింది.

ఇంటి పైభాగం గురించి ఎక్కువ రాయను. గడియారాలు, పుస్తకాలు, గోడలకి జింక కొమ్ములు, తలుపులు, దూరం నుంచి చూస్తే అందమైన గుమ్మటం. యూట్యూబులో కావలసినంత ఉంది. పసుపు రంగు వేసిన భోజనాల గది దగ్గరికి వచ్చాక నాకు ఆసక్తి పుట్టింది.

ఆ గదిలో చలిమంట వేసుకునే పొయ్యి ఉంది. దానికి రెండు పక్కలా గోడలో చిన్న తలుపులు. మూసి ఉంటే అక్కడ తలుపు ఉందనే తెలియదు. గైడు ఒకటి తెరిచింది. లోపల సీసా పట్టేంత సన్నటి పెట్టె, తాడు, కప్పీ. కింద సరిగ్గా ఆ గది అడుగునే నేలమాళిగ. కింద ఉన్న మనిషి సీసా పెట్టెలో పెట్టి తాడు లాగితే అది గోడలో నుంచి పైకి వస్తుంది. పైన ఆయన తలుపు తీసి సీసా అందుకుని అతిథులకి పోస్తాడు. దీన్ని డంబ్ వెయిటర్ అంటారట, అంటే మూగ సేవకుడు. ఇంకో గోడకి తిరిగే తలుపు ఉంది, దాని వెనక అరలు. వంటలు తెచ్చినవాళ్లు అవతల నుంచే అరల మీద పెట్టి తలుపు తిప్పితే గిన్నెలు గదిలోకి వస్తాయి, మనిషి రాడు. భోజనం అయ్యాక బల్ల మీది గుడ్డ తీసేసిన తరువాతే వైను, అది అప్పటి పద్ధతి. అప్పుడు దేశం సంగతులు మాట్లాడుకుంటారు. వినడానికి నౌకర్లు పక్కన ఉండకూడదు.

మాతో ఉన్న గుంపులో అందరూ "ఎంత తెలివి" అన్నారు. తెలివే. ముప్పై అయిదేళ్లు రైల్వేలో కప్పీలు, తూకం యంత్రాలు, లగేజి లిఫ్టులు చూసినవాణ్ణి, పని శుభ్రంగా ఉందని నేనూ ఒప్పుకుంటాను. కాని నాకు తాడు అవతలి చివర ఎవరున్నారో చూడాలనిపించింది. మా మనవడికి కూడా. వాడి కారణం వేరు, వాడు ఆ పెట్టెలో ఎక్కి కిందికి దిగాలంటాడు.

కిందికి మెట్లు దిగి పోవచ్చు. ఇంటి అడుగున ఈ చివర నుంచి ఆ చివరకి సొరంగంలాంటి దారి ఉంది. రెండు పక్కలా గదులు: సామాన్ల గది, బీరు గది, వైను గది. ఎండలో నుంచి దిగాం కాబట్టి ఒంటికి చల్లగా తగిలింది. వైను గదికి గట్టి చెక్క తలుపు, తాళం. లోపల అరలు, గడ్డి పరిచిన చెక్క పెట్టెలు, సీసాలు. 2010లో పాత పద్ధతిలో మళ్లీ సరిచేసి పెట్టారట, కాబట్టి సీసాలు ఆయన కాలంవి కావు. ఆ కాలం సీసా అంటే వేరే కథ. 1985లో లండన్ వేలంలో ఈయన పొడి అక్షరాలు చెక్కిన ఒక పాత సీసా 1,05,000 పౌండ్లకి పోయింది. తరువాత ఆ వరస సీసాలన్నీ అనుమానంలో పడ్డాయి, అక్షరాలు ఈ కాలం కరెంటు పరికరంతో చెక్కినవని తేల్చారు. మన దగ్గర పంచలోహ విగ్రహాలకి జరిగేదే అక్కడ సీసాలకి జరిగింది.

ఆ గదిలో నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది, అది మన గూడ్స్ షెడ్ విషయం. జెఫర్సన్ 1784 నుంచి 1789 దాకా ఫ్రాన్సులో ఉన్నాడు. 1787లో దక్షిణ ఫ్రాన్సు, ఉత్తర ఇటలీ తిరిగాడు. ద్రాక్ష తోటల్లోకి స్వయంగా పోయి ఏ చేను, ఏ ధర, ఎవరు యజమాని అని రాసుకున్నాడు. తిరిగి వచ్చాక వైను తెప్పించుకోవడానికి ఆయన పెట్టిన షరతు చూడండి. వ్యాపారి కొట్లో నుంచి కాదు, తోట యజమాని దగ్గరే సీసాల్లో నింపి, అక్కడే బిరడా బిగించి పంపాలి. ఎందుకంటే పీపాలో వస్తే దారిలో బండివాడు, పడవవాడు ఎవడు ఎంత తాగి ఎంత నీళ్లు కలుపుతాడో తెలియదు. పీపాలోనే తెప్పించుకోవలసి వస్తే పీపాని ఇంకో పీపాలో పెట్టి పంపమనేవాడు. అధ్యక్షుడు వాషింగ్టన్‌కి కూడా తనతో పాటు తెప్పించి, ఎవరి పెట్టె మీద వాళ్ల పొడి అక్షరాలు వేయమన్నాడు.

విరుదునగర్ గూడ్స్ షెడ్‌లో నేను చేరిన కొత్తలో మా హెడ్ క్లర్కు నేర్పిన మొదటి పాఠం ఇదే. బస్తా మీద ప్రైవేట్ మార్కు ఉందా, సీలు సరిగా ఉందా, తూకం రసీదుతో కలుస్తుందా. నూనె డబ్బా కారి వస్తే పార్టీ ఓపెన్ డెలివరీ అడుగుతాడు. మన ముందే విప్పి, తూచి, ఎంత తక్కువో రాసి సంతకం పెట్టాలి. రెండు వందల ఏళ్ల కింద ఒక దేశాధ్యక్షుడికీ ఇదే తలనొప్పి. ఓడ మీద రిచ్‌మండ్ దాకా వచ్చి, అక్కడ నుంచి పడవల మీద నది ఎదురెక్కి, మిల్టన్ అనే రేవులో దిగి, బండి మీద కొండెక్కాలి. ఇన్ని చేతులు మారిన సరుకు నిండుగా వస్తుందా?

తన కొండ మీదే ద్రాక్ష పండించాలని కూడా చూశాడు. 1773లో ఫిలిప్ మాజెయీ అనే ఇటలీ ఆయన వచ్చి పక్కనే తోట వేశాడు. చలి, పురుగు, తెగులు. యూరపు తీగలు ఆ నేలలో నిలవలేదు. ఎన్నిసార్లు వేశారో అన్నిసార్లు పోయింది. చివరి రోజుల్లో డబ్బు తగ్గాక పెద్ద పేరున్న వైన్లు మాని, దక్షిణ ఫ్రాన్సు చౌక వైన్లు తెప్పించుకున్నాడు. కాని మానలేదు.

ఇంతవరకు సరుకు సంగతి. ఇక తాడు పట్టిన చేతుల సంగతి.

ఆ ఇంటి బట్లరు బర్వెల్ కోల్‌బర్ట్. బానిస. ఇంట్లో అన్ని పనులూ ఆయన నమ్మకం మీదే నడిచేవి. వంటగది ఇంటికి దక్షిణం రెక్కలో ఉంది, భోజనాల గది ఉత్తరం వైపు. ఈడిత్ ఫోసెట్ అనే ఆమె వండేది, అధ్యక్ష భవనంలో ఫ్రెంచి వంట నేర్చుకున్న మనిషి. ఆమె వండింది ఈ సొరంగం దారిలోనే మోసుకొచ్చి, ఇరుకు మెట్లెక్కి, ఆ తిరిగే తలుపు అరల మీద పెట్టాలి. నేను ఆ మెట్లు చూశాను. చేతిలో ఏమీ లేకపోయినా పక్కకి తిరిగి ఎక్కాలి.

ఆమెకి ముందు అక్కడ జేమ్స్ హెమింగ్స్. 1784లో జెఫర్సన్ ఇతన్ని పారిస్ తీసుకుపోయి పెద్ద వంటవాళ్ల దగ్గర పని నేర్పించాడు. ఫ్రాన్సు గడ్డ మీద బానిసత్వం చెల్లదు, కోర్టుకి పోయి ఉంటే స్వేచ్ఛ వచ్చేది. తిరిగి వచ్చాడు. తరువాత ఒప్పందం ఏమంటే, తన పని ఇంకొకరికి నేర్పితే విడుదల. తమ్ముడు పీటర్‌కి నేర్పాడు. 1796లో విడుదల కాగితం వచ్చింది. పోయే ముందు అతను వంటగది సామాన్ల జాబితా తన చేత్తో రాసి ఇచ్చాడు. ఆ కాగితం ఇప్పటికీ ఉంది. రాగి గిన్నెలు ఎన్ని, మూతలు ఎన్ని, పెనాలు ఎన్ని.

దాని నకలు చూస్తూ నేను చాలాసేపు కదలలేదు. మా అమ్మాయి "ఏంటి నాయనా, కాళ్లు నొప్పా?" అంది. కాళ్లు కాదమ్మా. అది చార్జి అప్పగింత. బదిలీ అయినా, రిటైరైనా మేము చేసేది అదే. డెడ్ స్టాకు రిజిస్టరు తీసి, బెంచీలు ఇన్ని, తాళాలు ఇన్ని, స్టాంపు ముద్రలు ఇన్ని అని రాసి, కొత్తవాడి సంతకం తీసుకుని బయటికి రావాలి. అప్పుడే మన మీద మాట ఉండదు. నేను నా చార్జి అప్పగించిన రోజు పూలదండ వేశారు, లడ్డు ఇచ్చారు, పెన్షను కాగితం చేతిలో ఉంది. ఈయన అప్పగించింది తన తమ్ముడికి. తమ్ముడు ఇంకా బానిసే.

జెఫర్సన్ 1826 జూలై 4న పోయాడు. అప్పు లక్ష డాలర్ల పైన. చార్జి ఎవరు అప్పగించాలి, ఎవరికి? విల్లులో ఐదుగురికి స్వేచ్ఛ రాశాడు. బర్వెల్ ఒకడు, అతనికి 300 డాలర్లు కూడా. ఈడిత్ భర్త, కమ్మరి జో ఫోసెట్ ఒకడు. ఈడిత్ పేరు లేదు, పిల్లల పేర్లు లేవు. 1827 జనవరిలో కొండ మీదే వేలం. బల్లలు, పశువులు, వాటితో పాటు 130 మంది మనుషులు. ఈడిత్, పిల్లలు అందులోనే. జో తరువాత కష్టపడి ఆమెనీ కొందరు పిల్లల్నీ కొని విడిపించుకున్నాడు. కొడుకు పీటర్ ఫోసెట్‌కి అప్పుడు 11 ఏళ్లు. వేరే వాడికి అమ్ముడుపోయి, 1850లో గాని విడుదల కాలేదు. తరువాత సిన్సినాటిలో విందు భోజనాల వ్యాపారం చేశాడు, చర్చి పాస్టరు అయ్యాడు. 1900లో, పోవడానికి ఏడాది ముందు, తన సంఘం వాళ్లు టికెట్టు డబ్బులు పోగుచేసి పంపితే మాంటిసెల్లో చూడటానికి వచ్చాడు.

ఇవన్నీ ఎలా తెలిశాయంటారా? కొన్ని జెఫర్సన్ లెక్కల పుస్తకాల నుంచి. మిగిలింది మనుషుల్ని అడిగి. 1993 నుంచి ఆ ఇంటిని చూసుకునే ఫౌండేషన్ వాళ్లు ఆ బానిసల సంతానాన్ని ఊరూరా వెతికి, మీ తాతముత్తాతల గురించి ఇంట్లో ఏం చెప్పుకునేవారు అని రికార్డు చేశారు. వందమందికి పైగా చెప్పారు. ఆ మాటలు లేకపోతే కింద గదిలో నేను చూసినవి సీసాలు, ఇటుకలు మాత్రమే.

ఇప్పుడు మన సంగతికి వస్తాను. ఈ పోస్టు రాయడానికి అసలు కారణం కూడా ఇదే.

మా అవ్వ, అంటే మా నాయన తల్లి, దక్షిణాన ఒక జమీను బంగళాలో వడ్లు దంచేది. బంగళా పేరు రాయను, వాళ్ల పిల్లలు మంచివాళ్లు. తెల్లవారుజామున పోయి దొడ్డి వాకిలిలో రోలు దగ్గర నిలబడితే మధ్యాహ్నం దాకా. కూలికి నూకలు, తవుడు. ఇంటి ముందువైపు హాలు ఎలా ఉంటుందో ఆమెకి తెలియదు, ఎప్పుడూ పోలేదు. కాని ఈ రోజు ఎన్ని పడి బియ్యం కావాలన్నారో దాన్నిబట్టి పైన విందుకి ఎంతమంది వచ్చారో, దొరలా మనవాళ్లా అని చెప్పేసేది. మేము పిల్లలం పక్కన పడుకుని వినేవాళ్లం. మాంటిసెల్లోలో కింద నిలబడి తాడు లాగినవాడికి కూడా పైన ఎన్ని సీసాలు ఖాళీ అయ్యాయో దాన్నిబట్టి అంతా తెలిసే ఉంటుంది.

మా అవ్వని బానిసతో పోల్చడం లేదు. ఆమెని ఎవరూ కొనలేదు, ఎవరూ అమ్మలేదు. నచ్చకపోతే ఇంటికి వచ్చేయవచ్చు, ఒకసారి వచ్చేసింది కూడా. ఆ తేడా చిన్నది కాదు, దాన్ని చెరిపేసి మాట్లాడటం ఆ మనుషులకి అవమానం. నేను చెప్పేది వేరు.

మూడేళ్ల కింద వార్షిక సంచికకి కుటుంబ చరిత్రలు అడిగారు, గుర్తుందా? నేను రెండు పేజీలు రాసి ఇచ్చాను. మదురై నాయకుల కాలంలో మనవాళ్లు ఈ వైపు వచ్చిన సంగతి అర పేజీ, తాత వ్యవసాయం కొంచెం, నాయన రైల్వేలో గ్యాంగులో చేరడం కొంచెం, అవ్వ దంపుడు కూలి గురించి ఒక పేరా. అచ్చయి వచ్చాక చూస్తే ఆ పేరా లేదు. అడిగితే మాకు దగ్గరి బంధువే ఒకాయన తీసేయమన్నాడని తెలిసింది. "దండుతో వచ్చిన వంశం అని రాస్తే చాలదా మామా? దంచింది, తవుడు తెచ్చుకుంది అని అచ్చులో ఎందుకు? రేపు పిల్లలకి సంబంధాలు చూడాలి కదా." మంచి మనసుతోనే అన్నాడు. నేను అప్పుడు గొడవ చేయలేదు. ఇప్పుడు చేస్తున్నాను.

ఆ సంచిక ఇప్పుడు నా ముందే ఉంది. ముప్పైకి పైగా కుటుంబాలు. దాదాపు అందరూ సేనాపతులో, పాళయగాళ్ల బంధువులో. ఇంతమంది సేనాపతులుంటే సేన ఎక్కడ? గుర్రాలకి గడ్డి కోసింది ఎవరు? మదురైలో 1636లో కట్టిన తిరుమల నాయకుని మహల్‌కి ప్రతి యాత్రలోనూ మన పిల్లల్ని తీసుకుపోతాం, స్తంభాలు కౌగిలించుకుని ఫోటోలు తీస్తాం. ఆ స్తంభాలకి సున్నం నూరినవాళ్లలో కూడా మనవాళ్లు ఉండి ఉంటారు కదా. వాళ్ల మనవళ్లు ఎవరైనా ఈ గ్రూపులో ఉంటే నాకు వాళ్లతో మాట్లాడాలని ఉంది.

సంబంధాల మాట నాకు తెలియనిది కాదు. ఇద్దరు ఆడపిల్లల్ని ఇచ్చినవాణ్ణి. పెళ్లిచూపుల్లో అడిగేవి ఉద్యోగం, జీతం, ఇల్లు. ముత్తవ్వ ఏం పని చేసిందని ఎవరూ అడగలేదు. మా అల్లుడికి ఆ నేలమాళిగలోనే అవ్వ సంగతి చెప్పాను. తిరిగి వచ్చేటప్పుడు కారులో అతను వాళ్ల జేజి బెంగళూరులో మిల్లులో నూలు చుట్టిన సంగతి చెప్పాడు. పెళ్లయి పన్నెండేళ్లు, మా అమ్మాయికి కూడా అప్పుడే తెలిసింది. ఇంకో వంద మైళ్లు రోడ్డు ఉండి ఉంటే ఇంకెన్ని చెప్పేవాడో.

మాంటిసెల్లో నుంచి బయటికి వచ్చే దారిలో రెండు శ్మశానాలు ఉన్నాయి. ఒకటి కొండ మీదే, ఇనప కంచె లోపల, జెఫర్సన్‌దీ ఆయన వంశానిదీ. రాతి మీద ఏం చెక్కాలో ఆయనే రాసి పెట్టుకున్నాడు. ఇంకొకటి కింద, కార్లు ఆపే చోటు పక్కన చెట్ల మధ్య. అక్కడ నలభైకి పైగా సమాధులు ఉన్నాయని తవ్వి చూసి తేల్చారు. పేర్లు చెక్కిన రాళ్లు లేవు. ఉన్నవి మామూలు రాళ్లే, కొన్నిటికి అవి కూడా లేవు. మా ఆవిడ చెప్పులు విప్పి కాసేపు నిలబడింది. మా మనవడు కారు తాళం తిప్పుకుంటూ నిలబడ్డాడు, వాడి ఆకలి వాడిది.

కార్యదర్శిగారితో మాట్లాడాను. వచ్చే సంచిక కోసం కుటుంబ ఫారం మళ్లీ అచ్చు వేస్తున్నారు. తాత పేరు, అవ్వ పేరు, ఊరు అనే గళ్ల పక్కన ఇంకో గడి పెంచడానికి ఒప్పుకున్నారు: "చేసిన పని". వంట, దంపుడు, మోత, గాలాసు, కావలి, ఏదైనా సరే, మీ ఇంట్లో చెప్పుకున్నది చెప్పుకున్నట్టు రాయండి. తెలుగు రాయడం రానివాళ్లు తమిళంలోనో కన్నడంలోనో రాసి పంపండి, లేదా ఫోనులో చెప్పండి, నేను రాసుకుంటాను. ఎనభై దాటిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ముందు వాళ్లని అడగండి. ఫారాలు ఆదివారం క్లాసులో బీరువా పై అరలో ఉంటాయి. నా ఫారం నింపేశాను, అవ్వ గడిలో చోటు చాలక వెనకవైపు రాశాను.